కేకులో తాబేలు

ఏథెన్స్,
అక్టోబరు 14, 2001

పొలిక్సేని అత్తకు,

ఈ ఉదయం మా వీధి మలుపులో నువ్వుల రొట్టెలు అమ్మే ఆయన బండికి ఒక చిన్న లెక్కల యంత్రం వేలాడుతోంది. ద్రఖ్మాలను యూరోల్లోకి మార్చి చూపించే రకం. మీటల సందుల్లో నువ్వులు ఇరుక్కున్నాయి. ఏడు అంకె ఎంత నొక్కినా దిగడం లేదు. "ఏడు రాని ధరకే అమ్ముకుంటున్నానమ్మా, ఏం చెయ్యను" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. పైకి నవ్వలేదు. రొట్టె తీసుకుని వచ్చేశాను. ఇలా వచ్చేస్తానని నువ్వు తిడతావు, తెలుసు.

మ్యూజియంలో పని ఎక్కువైంది. కొత్త సంవత్సరం నుంచి యూరో వస్తోంది. ఫిబ్రవరి దాటితే ద్రఖ్మా ఇక చెల్లదు. అది పోయేలోపు ఒక ప్రదర్శన పెడుతున్నారు. తొలినాటి నాణేల నుంచి ఇప్పటి డబ్బు దాకా అన్నీ వరసగా. గాజు పెట్టెల్లో ఒక్కో నాణెం పక్కన పెట్టే చీటీలు నన్ను రాయమన్నారు. "నువ్వు మాట్లాడవు కాబట్టి క్లుప్తంగా రాస్తావు" అన్నారు మా పెద్దాయన లాంబ్రినోస్ గారు. మెచ్చుకున్నారో లేదో తెలియలేదు.

మొదటి పెట్టె మన ఏజినా ద్వీపానిదే. ఈ దేశంలో అందరికంటే ముందు నాణేలు కొట్టినవాళ్లలో మనవాళ్లున్నారు. చిన్న వెండి ముద్ద, దాని మీద తాబేలు. వాటిని చూస్తుంటే మన కొత్త సంవత్సరం కేకులో నువ్వు పెట్టే నాణెం గుర్తొచ్చింది. దాని మీది తాబేలుకి తెడ్లలాంటి చేతులా, గోళ్లున్న కాళ్లా? వెనకవైపు లోతుగా గుంటలు ఉన్నాయా?

ఊరికే అడుగుతున్నాను.

మామయ్యని అడిగానని చెప్పు.

ఎర్సీ


ఏజినా,
అక్టోబరు 22

ఎర్సీ తల్లీ,

ఊరికే అడిగే అలవాటు నీకు పుట్టినప్పటి నుంచీ లేదు. ఆరేళ్లప్పుడు "అత్తా, ఊరికే అడుగుతున్నా, పిల్లి ఎక్కడ ఈనుతుంది" అన్నావు. సాయంత్రానికి నా బట్టల పెట్టెలో పిల్లి కూనలు. అయినా చెబుతాను, ఎందుకంటే నాకు నోరు ఆగదు, అది నీకు తెలుసు.

తెడ్లే. సముద్రపు తాబేలే. వెనక గుంటలున్నాయి, వాటిల్లో ఏడాది పొడుగునా కేకు పొడి ఉంటుంది. వీపు మధ్య చుక్కల వరస ఉండేదని మా అమ్మ చెప్పేది. ఇప్పుడు నున్నగా కోడిగుడ్డులా ఉంది. ఉండదా మరి? కేకులో పెట్టే ముందు ప్రతి ఏడూ నిమ్మచెక్కా పొయ్యిలో బూడిదా వేసి తళతళలాడేలా తోముతున్నాం. మురికి నాణెం ఎవరి నోట్లో పెడతాం?

అది కేకులోకి ఎలా వచ్చిందో నీకు ఎవరూ చెప్పలేదా? మా తాత గెరాసిమోస్ పిస్తా మొక్క కోసం గొయ్యి తవ్వుతుంటే దొరికింది. చాలా ఏళ్లు దాన్ని కిటికీ రెక్క కొట్టుకోకుండా అడ్డం పెట్టేవాడు. పందొమ్మిది వందల ఇరవై రెండులో ప్రభుత్వం నోట్లన్నీ నిలువునా రెండు ముక్కలు చెయ్యమంది చూడు, అప్పుడు తెలిసింది దాని విలువ. ఎడమ ముక్క మీద బ్యాంకు పెద్దమనిషి మొహం, అది సగం ధరకి చెల్లుతుంది. కుడి ముక్క మీద కిరీటం, దాన్ని ప్రభుత్వం అప్పు కింద తీసుకుంటుంది. ఊరంతా నిలువుగా కత్తిరించింది. మా తాత అడ్డంగా కత్తిరించాడు. "సగం అంటే సగమేగా" అన్నాడు. పై ముక్కలో పెద్దమనిషి నుదురూ సగం కిరీటమూ, కింది ముక్కలో గడ్డమూ మిగతా సగమూ. కొట్టువాడు చూసి, "గెరాసిమోస్, నీ డబ్బుకి నోరు లేదే, ఉప్పు కావాలని ఎలా అడిగింది?" అన్నాడట. ఊరు నెలల తరబడి నవ్వింది. ఆ ఏడాది చివర తాత ఇంట్లో అందరికీ వినపడేలా అన్నాడు, "ఈ ఇంటి కేకులో ఇక కత్తెరకి తెగనిదే పెడతాం." అప్పటి నుంచి తాబేలు.

ఎవరి ముక్కలో పడితే వాళ్లదే ఆ ఏటి అదృష్టం. మర్నాడు నాణెం నా డబ్బాలోకి, అదృష్టం వాళ్ల జేబులోకి. పడవలో పని దొరికిన ఏడాది మీ నాన్నకి పడింది. పక్కింటి ఫ్లోరుకి మొగుడు తిరిగొచ్చిన ఏడాది పడింది, అది అదృష్టమో కాదో ఇప్పటికీ తేల్చుకోలేకపోతోంది. మీ మామయ్యకి పడినప్పుడు తొందరలో కొరికి పన్ను విరగ్గొట్టుకున్నాడు. బంగారు పన్ను పెట్టించుకున్నాడు. ఈ ఇంట్లో తాబేలు తరవాత విలువైంది అదే.

ఇప్పుడు చెప్పు, ఎందుకడిగావు? మీ మ్యూజియంవాళ్లకి కావాలా? మేం దాన్ని తింటామని చెప్పు.

మామయ్య నిన్ను అడిగానన్నాడు. అనలేదు. కానీ అనేవాడు.

అత్త


ఏథెన్స్,
నవంబరు 9

అత్తా,

తాత కత్తెర కథ లాంబ్రినోస్ గారికి చెప్పాను. కళ్లజోడు తీసి తుడుచుకునేంతగా నవ్వారు. ఆ ముక్కలు ఇంకా ఉన్నాయా అని అడిగారు. పొయ్యిలో వేసి ఉంటారని చెప్పాను.

తరవాత ఆయన్ని ఇంకో మాట అడిగాను. పాత వెండి నాణేన్ని నిమ్మకాయా బూడిదా పెట్టి తోమితే ఏమవుతుందని. ఆయన నవ్వడం ఆపేశారు. "ఎవరు?" అన్నారు. "ఎవరూ కాదు, పుస్తకంలో చదివాను" అన్నాను. నేను అబద్ధం ఆడితే చెవులు ఎర్రబడతాయి కదా. ఆయన నా చెవుల వంక చూశారు.

నేరుగా రాస్తాను. నువ్వు చెప్పింది నిజమైతే మన నాణెం ఏథెన్సువాళ్లు మన ద్వీపాన్ని ఓడించక ముందుది. ఓడిపోయాక మనవాళ్లు సముద్రపు తాబేలు మానేసి నేల తాబేలు వేశారంటారు. సముద్రం మీద పెత్తనం పోయింది కదా. మనది సముద్రం ఉన్నప్పటిది.

భూమిలో దొరికిన ఇలాంటి నాణెం మనది కాదు, దేశానిది. దొరికినవాళ్లు చెప్పాలి. ఇక్కడ పనిచేసేవాళ్లు తెలిసీ దాచకూడదు. పనిలో చేరిన రోజున లాంబ్రినోస్ గారు ఈ మాట చెప్పారు, నేను సరేనన్నాను. అప్పుడు మన కేకు గుర్తు రాలేదు. అది నాకు నాణెంగా ఎప్పుడూ తట్టలేదు, కేకులో ఒక భాగం అనుకునేదాన్ని.

నేను చెబితే మీ ఇంటికి మనుషులు వస్తారు, ప్రశ్నలు వేస్తారు. చెప్పకపోతే ఆ మొదటి పెట్టె చీటీ నేను రాయలేను. ఇప్పటికి చాలాసార్లు రాసి చింపేశాను. "తాబేలు" అనే మాట దగ్గరే ఆగిపోతున్నాను. అత్తా, నువ్వే ఇచ్చేస్తే బాగుంటుంది. నేను బలవంతం చెయ్యను. దయచేసి తోమడం మాత్రం ఆపు.

రెండో పెట్టె మీదికి వెళ్లాను. అదీ మన ఊరిదే. స్వతంత్రం వచ్చాక మొదటి ప్రభుత్వం మాల్టా నుంచి పాత యంత్రాలు తెప్పించి, మన ఊళ్లోనే బూడిదలోంచి మళ్లీ లేచే ఫీనిక్స్ పక్షి నాణేలు కొట్టించింది, బొమ్మ ఇందులో పెడుతున్నాను. ఈ దేశపు డబ్బుకి రెండుసార్లూ మన ద్వీపంలోనే పురుడు పోశారు. ఫీనిక్స్‌ని జనం పెద్దగా నమ్మలేదు. కొద్ది ఏళ్లకే ద్రఖ్మా వచ్చింది.

కొత్త సంవత్సరానికి నేను రాలేనేమో. పని ఉంది.

ఎర్సీ


ఏజినా,
డిసెంబరు 18

చదువుల తల్లికి,

నీకు పని లేదు. నీ ముక్క నా బల్ల దగ్గర కూర్చుని తినలేవు, అదీ సంగతి. పిరేయస్‌లో ఆ సిస్టర్ల స్కూల్లో నిన్ను వేసినప్పుడే మీ నాన్నతో అన్నాను, "దీనికి నిజం చెప్పడం నేర్పుతారు, బాగుంది, అబద్ధం చెప్పడం ఎవరు నేర్పుతారు?" అని. ఆ లోటు ఇప్పటికీ ఉండిపోయింది.

ఫీనిక్స్ బొమ్మ పంపావు. అది పక్షా? మా ఫ్లోరు ఆదివారం ఈకలు పీకే కోడి ఇలాగే ఉంటుంది. జనం నమ్మలేదంటే ఆశ్చర్యం లేదు.

నిన్న మీ మామయ్య బ్యాంకు నుంచి కొత్త నాణేల సంచి కొనుక్కొచ్చాడు. బల్ల మీద కుమ్మరించి, మేకపిల్లని కొన్నంత సంబరంగా చూసుకున్నాడు. "పొలిక్సేనీ, దీని మీద మళ్లీ గుడ్లగూబ వేశారే!" అన్నాడు. ఒక యూరో మీద పాత ఏథెన్సు గుడ్లగూబ. చూశావా, మనల్ని ఓడించినవాళ్ల పిట్ట మళ్లీ డబ్బెక్కింది. మన తాబేలుని ఎవరు అడిగారు? నువ్వొక్కదానివే అడిగావు. అదీ పట్టుకుపోవడానికి.

"మరి పాతవాటిని ఏం చేస్తాం?" అన్నాను. "కొమ్ములున్న అలెగ్జాండర్ని ఒకటి దాచుకుంటా" అన్నాడు. వంద ద్రఖ్మాల మీద ఆయన తల ఉంది కదా. "నలభై ఏళ్లుగా కొమ్ములున్న నాతో కాపురం చేస్తున్నావుగా, ఇంకోటి ఎందుకు" అన్నాను.

ఇక అసలు మాట. తాబేలు పోయింది. డబ్బాలో చూశాను, లేదు. ఎలుకలు ఎత్తుకుపోయి ఉంటాయి, ఈ ఏడాది ఎలుకలు బలిసి ఉన్నాయి. కాబట్టి నువ్వు ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. చీటీ రాసుకో, మీ దగ్గరున్న తాబేళ్ల మీద. ఈసారి కేకులో ఆ గుడ్లగూబనే పెడతాను. మామయ్యకి ఆనందం.

నేను కోపంగా లేను. కోపంగా ఉంటే ఇన్ని పేజీలు రాయను.

అత్త


ఏథెన్స్,
డిసెంబరు 23

అత్తా,

నీ ఇంట్లో సూది పోయినా రెండు నిమిషాల్లో దొరుకుతుంది. నాణేలు తినే ఎలుకలుంటే వాటినీ మ్యూజియంలో పెడతాం.

పోయిందంటే పోయిందనే అనుకుంటాను. వెతకొద్దు. ఒక్కటే చెప్పు, సముద్రంలో పారెయ్యలేదు కదా?

నేను రావడం లేదు. నిజంగానే పని ఉంది, కొంత. మిగతాది నువ్వు రాసిందే.

మామయ్యకి, ఫ్లోరు పిన్నికి కొత్త సంవత్సర శుభాకాంక్షలు. కేకు మీద అంకెలు బాదంపప్పుతో పెట్టు, పోయినసారి లవంగాలు పెట్టావు, "2001" ఎవరూ చదవలేకపోయారు.

ఎర్సీ


ఏజినా,
జనవరి 2, 2002

ఎర్సీ,

నిన్న కేకు కోశాం. బాదంపప్పే పెట్టాను. సంతోషమా?

మీ మామయ్య ముందురోజే దొంగచాటుగా పళ్లపుల్లతో కేకంతా పొడిచి చూశాడు. పైన కన్నాలే కన్నాలు. "చీమలు" అన్నాడు. పంచదార పొడి దండిగా చల్లి కప్పేశాను.

అందరూ బల్ల చుట్టూ చేరాక కోయడం మొదలుపెట్టాను. మొదట క్రీస్తుకి, తరవాత మరియతల్లికి, తరవాత ఇంటికి, బీదవాళ్లకి. ఆపైన మామయ్యకి, నాకు, ఫ్లోరుకి. చివర నీకు. రానివాళ్ల ముక్క పక్కన తీసి పెట్టడం మా అమ్మ నాటి నుంచీ ఉన్నదే, నువ్వేమీ గొప్పనుకోకు.

మామయ్య ముక్కలో గుడ్లగూబ వచ్చింది. ఇల్లెగిరిపోయేలా అరిచాడు. ఈసారి మెల్లగా కొరికాడు. ఫ్లోరు మూతి ముడిచి, "నువ్వే పెట్టావు, నువ్వే కోశావు, నీ మొగుడికే వచ్చింది" అంది. "మొగుడికి తగ్గ పిట్ట వచ్చింది, ఏడవకు" అన్నాను. అందరూ తిన్నారు, నవ్వారు, అయిపోయింది.

ఇక్కడ ఒక మాట. నీ ముక్క కోసేటప్పుడు కత్తికి ఏదో గట్టిగా తగిలింది. బాదంపప్పు కావచ్చు. కత్తి కొంచెం జరిపి కోశాను. లోపల ఏముందో నేను చూడలేదు. ఎవరి ముక్క వాళ్లే విప్పుకోవాలి, అది పద్ధతి. ఒకసారి కోశాక ముక్క కోసినవాళ్లది కాదు. భూమిలో ఉన్నది దేశానిదని మీ చట్టం చెబుతుంది. ముక్కలో ఉన్నది ముక్క గలవాళ్లదని ఈ ఇంటి చట్టం. రెండూ నీకు తెలుసు. నీ ముక్క, నీ ఇష్టం. తిను, దాచు, పారెయ్యి.

నేనేమీ ఇవ్వలేదు. ఎవరైనా అడిగితే అలాగే చెబుతాను. నాకు అబద్ధం ఆడితే చెవులు ఎర్రబడవు.

నీ ముక్కని ఒక కేకు డబ్బాలో పెట్టి పడవ సరంగు సరాంతోస్‌తో పంపుతున్నాను. రేవుకి నువ్వే వెళ్లి తీసుకో, ఇంకెవర్నీ పంపకు. సరాంతోస్ "ఏముంది ఇందులో, ఇంత బరువుంది" అన్నాడు. "నా చేతి కేకు అలాగే ఉంటుంది" అన్నాను. నమ్మాడు వెధవ.

కొరకొద్దు. బంగారు పన్ను పెట్టించుకునే జీతం నీకు లేదు.

అత్త


ఏజినా,
జనవరి 20

ముక్క తిన్నావా? ఎండిపోతుంది. ఒక్క ముక్కైనా రాయి.

మామయ్య, "దానికి కోపం వచ్చింది" అంటున్నాడు. "దానికి కోపం వస్తే మనకి తెలియదు, అది పుస్తకం తీస్తుంది అంతే" అన్నాను. కానీ రెండురోజులుగా నేను కూడా అదే అనుకుంటున్నాను. తాబేలు లేకుండా ఇక్కడ నా డబ్బా తేలిగ్గా ఉంది. ఎప్పుడూ గలగలమనేది.

తాబేలు అన్నానా? ఎలుకలు తిన్నాయి కదా. మరిచిపో.

అత్త


ఏథెన్స్,
ఫిబ్రవరి 3, 2002

అత్తా,

కోపం లేదు. చాలా రోజులు డబ్బా నా మంచం కింద పెట్టుకున్నాను. రోజూ రాత్రి పుస్తకం తీశాను, చదవలేదు.

తరవాత ఒక ఉదయం డబ్బా మ్యూజియంకి తీసుకెళ్లి లాంబ్రినోస్ గారి బల్ల మీద పెట్టాను. "నాకు మా ఊరి నుంచి కేకు వచ్చింది" అన్నాను. చెవులు ఎర్రబడలేదు. ఆయన వెన్న కత్తి తెచ్చారు. నేనే విప్పాను. ముందు గుంటల వైపు కనబడింది, పొడి నిండుగా. తిప్పాను. తెడ్లు ఉన్నాయి అత్తా. నాలుగూ ఉన్నాయి. తల ఉంది. వీపు మాత్రం నువ్వన్నట్టే కోడిగుడ్డు.

లాంబ్రినోస్ గారు భూతద్దం పెట్టి రెండు వైపులా చూశారు. చివరికి కేకు ముక్కలు తినడం మొదలుపెట్టారు. "నారింజ తొక్క వేస్తారా మీ అత్తగారు?" అన్నారు. వేస్తావని చెప్పాను.

ప్రాచీన వస్తువుల కార్యాలయం నుంచి ఒకాయన వచ్చారు. కుర్చీ అంచున కూర్చుని వివరాలు రాసుకున్నారు.

"ఎక్కడ దొరికింది?"

"కేకులో."

ఆయన రాశారు, కొట్టేశారు, మళ్లీ రాశారు. "అంతకు ముందు?"

"ఇంకో కేకులో."

"ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"తినేది అనుకున్నాం" అన్నాను.

ఆయన నా మొహం వంక చూసి, లాంబ్రినోస్ గారి గడ్డం మీది పంచదార పొడి వంక చూసి, కలం మూత పెట్టేశారు. తాత గొయ్యి గురించి తరవాత అంతా సరిగ్గానే చెప్పాను. నిన్ను ఎవరూ ఏమీ అనరు. నేను ముందే అడిగి తెలుసుకున్నాను. మీ ఇంటికీ ఎవరూ రారు, నువ్వు కాఫీ పెట్టి పిలిస్తే తప్ప.

మొదటి పెట్టె చీటీ ఆ రోజే రాశాను. ఇదీ:

"తాబేలు. వెండి. ఏజినా. వీపు మీది చుక్కలు నిమ్మరసంతోనూ బూడిదతోనూ అరిగిపోయాయి. ఒక ఇంటివాళ్లు దీన్ని ప్రతి కొత్త సంవత్సరం కేకులో పెట్టుకున్నారు, కత్తెరకి తెగదు కాబట్టి."

మిగతా చీటీల కంటే పొడుగైందన్నారు లాంబ్రినోస్ గారు. తగ్గించమంటారేమో అనుకున్నాను. తగ్గించమనలేదు. ఇచ్చినవాళ్ల పేరు దగ్గర నీ పేరు రాయబోయాను. నువ్వేమీ ఇవ్వలేదన్నావు కదా. అందుకని "ఒక కేకు నుంచి" అని రాశాను. నీకిష్టమైతే మారుస్తాను.

చివరి పెట్టెలో గుడ్లగూబ యూరో ఉంటుంది. మామయ్యకి చెప్పు, ఆయన దాచిన అలెగ్జాండర్ లాంటివాడే దాని పక్క పెట్టెలో ఉన్నాడు, కొమ్ములతో సహా. వచ్చే ఏడాది కేకులో మీ అలెగ్జాండర్నే పెట్టండి. అప్పటికి ఎక్కడా చెల్లడు. కత్తెరకీ తెగడు.

ప్రదర్శన ఈ నెల ఇరవైన మొదలవుతుంది. నువ్వూ మామయ్యా రావాలి. సరాంతోస్ పడవలో పొద్దున్నే బయలుదేరితే సరిపోతుంది. రేవు దగ్గర నేనుంటాను. మొదటి పెట్టె దగ్గర నిలబడి నాలుగు మాటలు మాట్లాడమని లాంబ్రినోస్ గారు నన్ను అడిగారు. సరేనన్నాను. గొంతు వినపడకపోతే నువ్వు వెనక నుంచి "గట్టిగా!" అని అరవొద్దు. ముందు వరసలో కూర్చో, చాలు.

ఇంకొక్కటి చెప్పలేదు. మన కేకులో నాణెం నా ముక్కలో పడడం ఇదే మొదటిసారి.

ఎర్సీ